తొందర లేని ప్రయాణం

2009 ఆగస్టు, రెండో శనివారం. పగలు పన్నెండుంబావుకి 'కావేరీ విలాస్' ధర్మపురి స్టేషనులో ఆగకుండా వెళ్ళిపోయింది.

అక్కడ దానికి హాల్టు లేదు. పొద్దున బెంగళూరులో బయలుదేరి, హోసూరు, రాయకోట కొండలు, పాలకోడు మీదుగా ధర్మపురి దాటి, తొప్పూరు ఘాటు దిగి, సాయంత్రానికి సేలం చేరడం ఆ రోజు దాని పని. కానీ మూడో బోగీ తలుపు దగ్గర ముగ్గురు దిగడానికి సిద్ధంగా ఉన్నారు. ఒకాయన మడతకుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య చేతిలో సంచీ ఉంది. మూడో మనిషి ఆ బోగీ అతిథులను చూసుకునే శివరంజని. బండి ఆగుతుందని ఆ ఇద్దరికీ చెప్పింది ఆమే.

శివరంజనిది పాలకోడు పక్కన మహేంద్రమంగళం. ఇంట్లో ఆవులు, టమాటా తోట. సేలంలో హోటల్ పని నేర్చుకుని, బెంగళూరులో ఒక హోటల్లో రెండేళ్ళు చేసి, ఈ బండికి వచ్చింది. దీన్ని కంపెనీ రైలు అనదు, పట్టాల మీద హోటలు అంటుంది. గదికొక మంచం, గదికొక స్నానాల గది. మధ్యలో భోజనాల బోగీ. చివర గోడలూ పైకప్పూ అద్దాలతో కట్టిన బోగీ, అక్కడ కూర్చుని కొండలు చూడవచ్చు. అతిథుల్లో సగంమంది విదేశీయులు. మిగతావాళ్ళు బెంగళూరు, హైదరాబాదు వాళ్ళు.

ఆమెకు ఉద్యోగం ఇచ్చింది బండి మేనేజరు విశ్వేశ్వరరావు. ఆయనది తెనాలి.

"తెలుగొచ్చా?" అని అడిగాడు ఇంటర్వ్యూలో.

"మా ఇంట్లో అదే సార్. బయట తమిళం."

"ఏదీ, నాలుగు ముక్కలు మాట్లాడు."

ఆమె ఊరి గురించి, ఆవుల గురించి మాట్లాడింది. ఆయన విని నవ్వాడు. "బావుంది. కాకపోతే మీ తెలుగుకి కింద సబ్‌టైటిల్స్ వెయ్యాలి."

ఆమె కూడా నవ్వింది. ఉద్యోగం వచ్చింది.

శిక్షణలో ఆయన రెండు సంగతులు పదేపదే చెప్పాడు. అతిథి ముందు పరిగెత్తకూడదు. పని ఎంత ఉన్నా నడవాలి. శివరంజని నడకలో వేగం ఎక్కువని రెండుసార్లు ఆపి మరీ చెప్పాడు. రెండోది వాకీటాకీ గురించి. అది ప్రతి బోగీలోనూ వినబడుతుంది, అద్దాల బోగీలో దొరల పక్కన కూడా. డాక్టరు, హాస్పిటలు, ఎమర్జెన్సీ లాంటి మాటలు దాంట్లో రాకూడదు. "అలాంటిదేదైనా ఉంటే నాకు మన తెలుగులో చెప్పు. వాళ్ళకెలాగూ తెలీదు" అన్నాడు.

మహేంద్రమంగళం ఇళ్ళల్లో తొందర అంటే ఇబ్బంది, బాధ. కడుపులో తొందర అంటారు, బావి మోటారుకు తొందర వచ్చిందంటారు, గట్టు దగ్గర పక్కవాళ్ళతో తొందర అంటారు. త్వరగా అనడానికి అవసరంగా అంటారు. ఒక మాట అర్థం కన్నడం పక్కనుంచి, తమిళం పక్కనుంచి వచ్చింది, రెండోదాని అర్థం తమిళంలోంచే వచ్చింది. ఎప్పుడు వచ్చాయో ఎవరికీ తెలియదు. తెనాలిలో తొందర అంటే త్వర. అవసరం అంటే కావలసింది. ఈ తేడా సంగతి ఆ రోజు బండిలో ఎవరికీ తెలియదు.

మూడో బోగీలో మొదటి గది సుబ్బరాయప్పది, ఆయన భార్య కెంపమ్మది. బెంగళూరులో వాళ్ళకు పట్టునూలు పురిపెట్టే మిల్లు ఉంది. పుట్టింది మాత్రం ఇద్దరూ పాలకోడు చుట్టుపక్కలే. శివరంజని నోరు విప్పగానే సుబ్బరాయప్పకు ఆమె ఎక్కడిదో తెలిసిపోయింది.

"సార్ గీర్ అనొద్దు పాపా. మామా అను. మీ ఊరి సంతలో నేను పట్టుగూళ్ళు అమ్మినోణ్ణి."

"ఈ దోవలోనే పోయేటోడంట" అంది కెంపమ్మ. "మూటల మీద కూసోని. ఇప్పుడు అదే దోవకు ఇంత దుడ్డు పోసి మంచం మింద పండుకోని పోవాలంట. అదేం ఆశో."

"మూటల మింద కూసున్నోనికే తెలుస్తాది మంచం సుఖం. నీకేం తెలుసు?"

గదిలో బల్ల మీద స్వాగతం కార్డు ఉంది. తెలుగు అతిథుల కోసం విశ్వేశ్వరరావు తెలుగులో అచ్చువేయించినది. సుబ్బరాయప్ప దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏం రాసిండారు పాపా దీంట్లో?"

"నాకూ సదవను రాదు మామా. ఇస్కూల్లో తమిళమే."

"ఏమే, నీకు?"

"నేనేడ సదివినాను?" అంది కెంపమ్మ.

"బాగుండాది. ముగ్గురు తెలుగోళ్ళం, ఒకరికీ రాదు."

అప్పుడే పలకరించడానికి వచ్చిన విశ్వేశ్వరరావు కార్డు అందుకుని చదివాడు. "తొందర లేని ప్రయాణం. ఈ వాక్యం నాదే సార్. మిగతా రైళ్ళు పరిగెత్తుతాయి, మనం పరిగెత్తం."

సుబ్బరాయప్ప తల ఊపాడు. "మంచిమాట రాసినారు. ఈ వయసులో ఇంకేం కావాల. తొందర లేకుంటే చాలు."

"కరెక్టుగా చెప్పారు."

ఇద్దరూ చేతులు కలిపారు.

హోసూరు దాటాక టిఫిను వచ్చింది. సుబ్బరాయప్ప ఒక ఇడ్లీ తిని రెండోది వదిలేశాడు. గ్యాసు అన్నాడు. దవడ రుద్దుకున్నాడు. కెంపమ్మ సంచీలోంచి వాము తీసి ఇచ్చింది. రాయకోట దగ్గర బండి కొండల మధ్యకు వచ్చింది. కిటికీకి ఒక పక్క కోట ఉన్న బండ, ఇంకో పక్క లోయ, లోయలో రాగి చేలు, మామిడి తోటలు. అద్దాల బోగీలో అందరూ కెమెరాలు తీశారు. సుబ్బరాయప్ప కూడా అక్కడికి వెళ్ళాడు. పాలకోడు ఎప్పుడొస్తుందని విశ్వేశ్వరరావును అడిగాడు. ఇంకో అరగంట అన్నాడాయన. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మారండహళ్ళి స్టేషను దాటగానే మూడోసారి అడిగాడు. తను మూటలు దించిన చోటు కనబడుతుందేమో చూడాలని ఆయన ఆశ. ఆ సంగతి విశ్వేశ్వరరావుకు చెప్పలేదు.

"ఏంటి సార్, అంత తొందర?" అన్నాడు విశ్వేశ్వరరావు నవ్వుతూ.

సుబ్బరాయప్ప చెయ్యి దవడ మీదే ఉంది. "ఏం లేదప్పా, కొంచెం. పొద్దున్నించి ఉండాది. పోతాదిలే" అన్నాడు.

అక్కడ కప్పులు తీస్తున్న శివరంజని ఇది విన్నది. మేనేజరు ఆయన నొప్పి కనిపెట్టాడని అనుకుంది.

పాలకోడు వచ్చింది, పోయింది. ఆ సమయానికి సుబ్బరాయప్ప కిటికీ దగ్గర లేడు. గదికి తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కెంపమ్మ పిలుపుగంట నొక్కింది. శివరంజని వెళ్ళేసరికి ఆయన చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. ఏసీ గదిలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో పట్టుకున్నాడు.

"శానా తొందరగా ఉండాది పాపా" అంది కెంపమ్మ. "రొమ్ములో అంట. చేతికి దిగిందంట. ఈయప్ప ఎప్పుడూ ఇట్ల సెప్పే మనిషి కాదు."

బండిలో మందుల పెట్టె ఉంది. డాక్టరు లేడు. ధర్మపురిలో పెద్దాసుపత్రి ఉందని శివరంజనికి తెలుసు. ఆమె తండ్రి చెయ్యి విరిగినప్పుడు కట్టు కట్టించింది అక్కడే. ధర్మపురి దాటితే ఘాటు. మొదట శివాడి అనే చిన్న స్టేషను వస్తుంది, ఆ తర్వాత అడవి.

ఆమె నడవాలోకి వచ్చి తలుపు దగ్గరకు వేసి వాకీటాకీ నొక్కింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"సార్, శివరంజని. సుబ్బరాయప్ప మామకు తొందర సార్."

అవతల నవ్వు వినబడింది. "మళ్ళీనా? ఆయనకి పొద్దున్నుంచీ తొందరే కదమ్మా."

"అవున్సార్. ఇప్పుడు జాస్తి అయింది. దిగిపోవాల సార్. ఇంక తాళలేరు."

రెండు రోజులకు డబ్బు కట్టిన అతిథి సగంలో వెళ్ళిపోతానంటున్నాడని విశ్వేశ్వరరావుకు అర్థమయింది. పక్కన ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు ఘాటులో సొరంగాలున్నాయా అని అడుగుతున్నారు.

"సరే, ఆయనిష్టం. స్టేషనులో కారు పెట్టిస్తాను. ఆయనకి తొందరపడొద్దని చెప్పు."

"కారు స్టేషనుకే వస్తుంది కదా సార్?"

"స్టేషనుకే వస్తుంది. పేరు రాసిన బోర్డుతో సహా."

విశ్వేశ్వరరావుకు స్టేషను అంటే సేలం. బండి ఆగేది అక్కడే. శివరంజనికి స్టేషను అంటే ముందు వచ్చేది. ఆమె లోపలికి వెళ్ళి కారు వస్తుందని చెప్పింది. మేనేజరు బాధపడొద్దన్నాడని కూడా చెప్పింది.

కెంపమ్మ సెల్‌ఫోను చేతిలో పట్టుకుని ఉంది. "మా ఆడబిడ్డ కొడుకు గోకుల్ ధర్మపురిలోనే ఉంటాడు పాపా. వానికి కారుండాది. వాణ్ణి రమ్మందునా?"

"వద్దత్తా. మన కారే వస్తాది. ఆయన ఎందుకు అల్లాడిపోవాల?"

కెంపమ్మ ఫోను సంచీలో వేసింది.

ఇద్దరూ కలిసి సుబ్బరాయప్పకు బూట్లు తొడిగారు. కాళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. పాలకోడు దాటిపోయిందా అని అడిగాడు. దాటిందని కెంపమ్మ చెప్పింది. "సూపించకుండా దాటించేసినావు కదే" అన్నాడు. తర్వాత మాట్లాడలేదు. శివరంజని బండి ఆగినప్పుడు బయట వేసే మడతకుర్చీ తెచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, తలుపు దాకా జరుపుకుంటూ తీసుకువచ్చింది. నడవా సన్నం. కుర్చీ కాలు కార్పెట్టులో రెండుసార్లు పట్టుకుంది.

ధర్మపురి ఇళ్ళు మొదలయ్యాయి. బండి వేగం తగ్గలేదు. శివరంజని కిటికీలోంచి ముందుకు చూసింది. సుబ్బరాయప్ప తల భార్య నడుముకు ఆనింది. పెదవుల రంగు మారింది.

ఆమె మళ్ళీ వాకీటాకీ తీసింది.

"సార్, అవసరం సార్. శానా అవసరం."

"ఏం అవసరం?" అన్నాడు విశ్వేశ్వరరావు.

ఏం కావాలి అని ఆయన అడిగాడు. ఆమెకు వినబడింది వేరు. ఏమిటా పరుగు, ఎందుకా ఆత్రం అని వినబడింది. శిక్షణలో రెండుసార్లు ఆపి చెప్పిన గొంతే అది. కారు పెట్టించానని చెప్పిన మనిషిని మళ్ళీ పిలిచి హడావుడి చేశాననుకుంది.

"సరే సార్" అని వాకీటాకీ నడుముకు పెట్టేసింది.

అవతల విశ్వేశ్వరరావు ఏం కావాలో చెబుతుందని కాసేపు చూశాడు. చెప్పలేదు. సొరంగాల సంగతి చెప్పడానికి ఆస్ట్రేలియా వాళ్ళవైపు తిరిగాడు.

ప్లాట్‌ఫారం వచ్చింది. ప్యాసింజరు కోసం నిలబడ్డ జనం ఈ బండిని చూసి బెంచీల మీంచి లేచారు. కొందరు చేతులూపారు. అద్దాల బోగీలోంచి కూడా చేతులు ఊగాయి. సీతాఫలాల గంపలు పెట్టుకున్న ఆడవాళ్ళు గంపలు వెనక్కి లాక్కున్నారు. శివరంజని తలుపు గడియ తీసి పట్టుకుంది. గాలికి కెంపమ్మ కొంగు ఎగిరి సుబ్బరాయప్ప మొహం మీద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

"నిలస్తాదా?" అంది కెంపమ్మ.

"నిలస్తాదత్తా. పొడుగు బండి కదా. ముందుకు పోయి నిలస్తాది."

స్టేషను పేరు రాసిన రెండో బోర్డు వెనక్కి వెళ్ళింది. ప్లాట్‌ఫారం వాలు వచ్చింది, అయిపోయింది. నీళ్ళ ట్యాంకు వచ్చింది. లైన్లు రెండు ఒకటయ్యాయి.

"గొలుసు లాగు పాపా" అంది కెంపమ్మ.

గొలుసు తలుపు పైన ఉంది. మేనేజరు చెప్పకుండా దాన్ని ముట్టుకోకూడదని శిక్షణలో చెప్పారు. శివరంజని చెయ్యి పైకెత్తింది, దించింది. ముందర గేటు దగ్గర ఆపుతారేమో, కారు అక్కడికి వచ్చిందేమో అనుకుంది. గేటు వచ్చింది. గేటుకు అవతల రెండు టెంపోలు, ఒక టౌను బస్సు ఆగి ఉన్నాయి. కారు లేదు. గేటు దాటిపోయింది.

"లాగవే!"

శివరంజని రెండు చేతులతో లాగింది.

బండి వెంటనే ఆగలేదు. ఊరు దాటి, మెట్ట చేలు దాటి, గుట్టను తొలిచి వేసిన దారిలో ఆగింది. రెండు పక్కలా రాతి గోడ. గోడకూ బోగీకీ మధ్య మనిషి పట్టేంత సందు. రోడ్డు అక్కడికి రాదు. కెంపమ్మ ఫోను తీసి గోకుల్‌కు కొట్టింది. సిగ్నల్ లేదు. మళ్ళీ కొట్టింది.

గార్డు రాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చాడు. విశ్వేశ్వరరావు బోగీల లోపలినుంచి వచ్చాడు. ఆ రోజు ఆయన పరిగెత్తాడు.

"ఎవరు లాగింది? ఎందుకు లాగారు?" అని, కుర్చీలో మనిషిని చూసి ఆగిపోయాడు. "ఏమైంది ఈయనకి?"

"చెప్పినాను కదా సార్. తొందర అని."

"తొందరంటే?"

"తొందర సార్. రొమ్ములో."

"నొప్పా? నొప్పని చెప్పలేదేం? దిగిపోవడానికి తొందరపడుతున్నాడనుకున్నా నేను!"

"నొప్పే కదా సార్ తొందర అంటే." శివరంజని నడుముకున్న వాకీటాకీ చూపించింది. "మళ్ళీ పిలిచి అవసరం అని కూడా చెప్పినాను. మీరే తిట్టినారు."

"తిట్టడమేంటి? ఏం అవసరమో చెప్పమని అడిగాను!"

"కారు సార్? కారేది?"

"సేలంలో!"

కెంపమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "మీ ఇద్దురి మాటలూ చాలు. బండి నడపమను."

విశ్వేశ్వరరావు వాకీటాకీ తీసి ఇంగ్లీషులో మెడికల్ ఎమర్జెన్సీ అన్నాడు. పది బోగీల్లోనూ ఆ మాట ఒకేసారి వినబడింది. డ్రైవరు వెనక్కి నడపడానికి వీల్లేదని చెప్పాడు. ఒకటే లైను, వెనకనుంచి ఏం వస్తుందో కనుక్కోవాలి, అనుమతి తీసుకోవాలి. ముందుకు వెళ్ళి శివాడిలో ఆపడమే దగ్గర. అంతకన్నా ముందు లాగిన గొలుసు సరిచేసి, బ్రేకులు వదలాలి. గార్డు ఆ పని మీదికి వెళ్ళాడు. ఎండ రాతిగోడ మీద పడుతోంది. ఇంజను చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగి వస్తోంది. శివరంజని సుబ్బరాయప్ప చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన వేళ్ళు మొదట ఆమె వేళ్ళను పట్టుకున్నాయి. బండి కదిలేసరికి పట్టుకుని లేవు.

గుట్ట దాటాక సిగ్నల్ వచ్చింది. విశ్వేశ్వరరావు 108కి చెప్పాడు. కెంపమ్మ గోకుల్‌కు చెప్పింది. శివాడిలో నలుగురు కలిసి కుర్చీతో సహా సుబ్బరాయప్పను దించారు. ముందు వచ్చింది గోకుల్ కారు. శివరంజని ఎవరినీ అడగకుండా ఎక్కి కూర్చుంది. బండి స్టేషనులోనే ఉంది. అద్దాల బోగీలో కెమెరాలు ఎవరి చేతుల్లోనూ లేవు.

దారిలో గోకుల్ ఒకే ఒక మాట అడిగాడు. "ధర్మపురి స్టేషను మా ఇంటి ఎనకాలే కదత్తా. ముందే ఎందుకు సెప్పలేదు?"

శివరంజని కిటికీలోంచి బయటకు చూసింది.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూశాడు. యూనిఫాంలో ఉంది కాబట్టి శివరంజనిని పక్కకు పిలిచి తమిళంలో చెప్పాడు. వచ్చేసరికే ప్రాణం లేదని చెప్పాడు. కెంపమ్మకు ఆ మాట తెలుగులో చెప్పింది శివరంజనే.

సాయంత్రం ఆసుపత్రి పోలీసు ఔట్‌పోస్టు నుంచి మాదేశన్ అనే హెడ్‌కానిస్టేబుల్ వచ్చి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి జరిగింది చెప్పమన్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఆమె తమిళంలోనే చెప్పింది. మేనేజరుతో మాట్లాడిన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా తెలుగులో చెప్పింది.

మాదేశన్ ఆమెను ఆపాడు. "తొందరన్నా తొందరవుదానే?" అన్నాడు, తమిళంలో బాధ అనే తొందరవేనా అన్నట్టు.

"ఆమా సార్."

ఆమె అవునన్నాక, "అవసరంనా అవసరం?" అన్నాడు, త్వరగా అనేనా అన్నట్టు.

"ఆమా సార్."

"నాకే అర్థమయింది కదమ్మా" అన్నాడాయన తమిళంలో. "ఆయన తెలుగాయన అన్నావే. ఆయనకేం అర్థం కాలేదు?"

కాగితం తిప్పి, తర్వాతి ప్రశ్న అడిగాడు.

కావేరీ విలాస్ ఆ సాయంత్రం గంటన్నర ఆలస్యంగా సేలం చేరింది. స్టేషను బయట వేడియప్పన్ అనే డ్రైవరు కారు పక్కన నిలబడి ఉన్నాడు. సుబ్బరాయప్ప పేరు రాసిన అట్ట ఆయన చేతిలో ఉంది. రావద్దని ఆయనకు ఎవరూ ఫోను చెయ్యలేదు. బండిలోంచి అందరూ దిగి వెళ్ళిపోయాక కూడా ఏడున్నర దాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.